శభాష్ అంటే చాలదు: ధైర్యమిచ్చే మాట చెప్పడానికి దశలవారీ మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున ఏ మైదానానికి వెళ్ళినా సైన్యం భర్తీ మీద ఆశపెట్టుకున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. 1600 మీటర్ల పరుగు, అంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. వాళ్ళలో ఒకడు 6 నిమిషాల 10 సెకన్లకి ముగించి, రొప్పుతూ గడ్డిలో కూలబడ్డాడనుకోండి. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారు?

“సూపర్‌రా!”

“నీకేటిరా, పుట్టుకతోనే పరుగొచ్చినోడివి.”

“పోయిన సోమవారం 6:25. ఇవాళ 6:10. రోజూ మూడో రౌండులో నడకలోకి దిగిపోయేవాడివి, ఇవాళ దిగలేదు. రేపూ ఆ రౌండు దగ్గరే చూసుకో.”

మొదటి మాట గాలికి పోతుంది. రెండోది నాలుగు రోజులు తియ్యగా ఉండి, ఐదో రోజు వెనకబడ్డప్పుడు చేదెక్కుతుంది. పుట్టుకతో వచ్చిందే పోయిందా అనిపిస్తుంది మరి. మూడోది మర్నాడు ట్రాకు మీద పనికొస్తుంది. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ మూడో రకం మాట గురించే. దానికి మంచి మనసు ఉంటే చాలనుకుంటాం. మనసు చాలామందికి ఉంటుంది, తెలియనిది చెప్పే పద్ధతే.

మొదటి అడుగు: నోటి కన్నా ముందు కళ్ళు

పొందూరు ఖద్దరు చూసి “చీర బాగుంది” అనడం ఎవరికైనా వచ్చు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని, ఆ సన్నటి పళ్ళ వల్లే చెత్త పోయి పోగు నున్నగా వస్తుందని తెలిసినవాళ్ళు “నూల్లో ఎక్కడా ఉండ తగల్లేదమ్మా, ఏకడంలోనే ఉంది కదా కష్టమంతా” అంటారు. వడికే మనిషి రెండో మాటకే తలెత్తి చూస్తుంది. తన కష్టం ఎక్కడుందో అవతలివాళ్ళకి తెలిసిందని అర్థమవుతుంది కాబట్టి.

అందుకని ఎవరినైనా మెచ్చుకునే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఈ పనిలో కష్టమైన చోటు ఏది? పోయినసారి కన్నా ఈసారి వాళ్ళు ఏం మార్చారు? దానివల్ల ఎవరికి ఏం కలిసొచ్చింది? మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరక్కపోతే ఇంకా మెచ్చుకోవద్దు, అడగండి. “ఈ లెక్క ఎలా పట్టుకున్నావు?”, “పులుసులో బెల్లం ఎప్పుడేసావు?” అని అడిగితే సగం మెచ్చుకున్నట్టే. జవాబు విన్నాక మిగతా సగం మీ నోటికి దానంతటదే వస్తుంది.

పిల్లల విషయంలో మార్కుల కాగితం కన్నా రఫ్ పుస్తకం చూడటం మేలు. కొట్టేసి మళ్ళీ రాసిన చోట్లు అక్కడే ఉంటాయి.

రెండో అడుగు: మాటని మూడు ముక్కలుగా కట్టడం

చూసింది, దానివల్ల అయింది, ఇక చేయాల్సింది. ఈ మూడూ కలిపి మూడు చిన్న వాక్యాలు, 15 నుంచి 25 పదాలు, పది సెకన్లు. అంతకు మించితే ఉపన్యాసమే.

ఈ కట్టుబాటు కొత్తదేం కాదు. సముద్రం ఒడ్డున వానరులంతా నూరు యోజనాలు ఎవరు దాటగలరని లెక్కలేసుకుంటుంటే హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు ఆయన దగ్గరికి వెళ్ళి “నువ్వు గొప్పవాడివి” అని ఊరుకోలేదు. పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఆకాశానికి ఎగిరిన సంగతి గుర్తుచేశాడు. అది చేసిన పని. ఈ వానరసేన అంతా నీవైపే చూస్తోందన్నాడు. అది దాని విలువ. లే, దాటు అన్నాడు. అది చేయాల్సిన పని. పైగా, వయసులో ఉన్నప్పుడు తనకూ బలం ఉండేదని, ఇప్పుడు లేదని ముందే ఒప్పుకున్నాడు. చెప్పేవాడు తనని తాను కొంచెం తగ్గించుకుంటే వినేవాడు నమ్ముతాడు. పెద్దమనుషులు మరిచిపోయే చిట్కా ఇది.

మూడు ముక్కల్లో ఎప్పుడూ తప్పకూడనిది మొదటిది. మూడోది కొన్ని రోజులు మానేయాలి. పిల్ల పదో తరగతి గట్టెక్కిన రోజునే “ఇంటర్లో ఇంకా కష్టపడాలి మరి” అంటే, నోట్లో పెట్టిన మిఠాయి వెనక్కి లాక్కున్నట్టే. ఆ రోజుకి చూసింది చెప్పండి, అయింది చెప్పండి, మిఠాయి తిననివ్వండి. చావు ఇంట్లో, జబ్బు మంచం పక్కన కూడా “ఇక చేయాల్సింది” ఊసెత్తకూడదు.

ఎప్పుడు చెప్పాలంటే, నేర్చుకుంటున్నవాళ్ళకి అదే రోజు. ఎక్కడ చెప్పాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. నలుగురిలో మెచ్చుకుంటే కొందరు పొంగిపోతారు, కొందరు ముడుచుకుపోతారు. వయసులో ఉన్న ఆడపిల్లని పని చోట పదిమందిలో పదే పదే పొగిడితే ఆ మాట ఊళ్ళో వేరే దారి పట్టొచ్చు. ఆమెకి కాగితం మీద రాసివ్వండి, లేకపోతే వాళ్ళమ్మ ఉన్నప్పుడు చెప్పండి.

మూడో అడుగు: బుర్రని కాదు, పట్టుదలని

“మావాడు భలే తెలివైనోడు” అన్న మాట ప్రమాదం లేనిదిగా కనిపిస్తుంది. అమెరికాలో క్లాడియా మ్యూలర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకి బొమ్మల చిక్కులెక్కలు ఇచ్చి, అవి చేశాక ఒకే ఒక వాక్యం చెప్పారు. కొందరితో “నీకు తెలివి బాగా ఉంది” అని, కొందరితో “బాగా కష్టపడ్డావు” అని. తర్వాత కఠినమైన లెక్కలిచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ తర్వాత మళ్ళీ మొదటిలాంటి తేలిక లెక్కలిస్తే, తెలివి మాట విన్నవాళ్ళు మొదటిసారి కన్నా తక్కువ చేశారు, కష్టం మాట విన్నవాళ్ళు ఎక్కువ చేశారు. తమకి ఎన్ని వచ్చాయో ఇంకో పిల్లవాడికి రాసి చెప్పమంటే, తెలివి మాట విన్నవాళ్ళలోనే ఎక్కువమంది అబద్ధం రాశారు. ఓడితే తెలివి లేనట్టే అవుతుంది కదా, అందుకు.

ఒక హెచ్చరిక. ఈ పరిశోధన పట్టుకుని “ఆలోచన మారిస్తే మార్కులు ఎగిరొస్తాయి” అని అమ్ముడుపోయే శిక్షణలు చాలా వచ్చాయి. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగాల్లో లాభం చిన్నదిగానే తేలింది. మాట మారిస్తే పిల్లవాడు కష్టమైన లెక్కని తప్పించుకోకుండా ఉంటాడని ఆశించండి. ర్యాంకు వస్తుందని కాదు.

ఫలించని కష్టాన్ని ఊరికే మెచ్చుకోవడమూ తప్పే. రాత్రి రెండింటి దాకా అదే పేజీ పదిసార్లు చదివి ఏమీ ఎక్కించుకోని వాడితో “ఎంత కష్టపడుతున్నావో” అంటే, పదకొండోసారి కూడా అలాగే చదువుతాడు. అక్కడ చెప్పాల్సింది దారి గురించి: “పుస్తకం మూసి, గుర్తున్నంత రాసి చూడు.”

నాలుగో అడుగు: మోతాదు

2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు పిల్లల చేత బొమ్మ వేయించి, కొందరికి “అందంగా వేశావు” అని, కొందరికి “అద్భుతం, ఎంత అందంగా వేశావో!” అని రాసిచ్చారు. తన మీద తనకి నమ్మకం తక్కువున్న పిల్లలు, ఆ “అద్భుతం” చదివాక, తర్వాత ఇచ్చిన కష్టమైన బొమ్మల జోలికి తక్కువగా వెళ్ళారు. అంత ఎత్తుని మళ్ళీ అందుకోలేమన్న బెదురు. చిక్కేమిటంటే, పిల్లవాడు బెరుగ్గా ఉన్నప్పుడే పెద్దవాళ్ళకి మాట పెంచి అనాలనిపిస్తుంది. అంటే మందు అవసరమైన వాళ్ళకే మోతాదు మించిపోతోంది.

ఇక్కడ బరువులెత్తే పిల్లని చూసి “ఇంకో మల్లీశ్వరివి అవుతావు” అనడం మామూలు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మొన్ననే వ్యాయామశాలలో అడుగుపెట్టిన పన్నెండేళ్ళ పిల్లకి ఆ పేరు తగిలిస్తే రేపటి సాధనకి ఏం పనికొస్తుంది? ఆ రోజుల్లో పోటీల్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు. మాట కూడా అంతే పెరగాలి. “నడుము వంగకుండా 30 ఎత్తావు, రేపు 32.5 చూద్దాం.”

రోజుకి ఎన్ని మాటలు? భార్యాభర్తల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్, నిలబడే జంటలు గొడవలో ఉన్నప్పుడు కూడా ఒక కటువైన ముచ్చటకి ఐదు మెత్తని ముచ్చట్లుంటాయని చెప్పాడు. దాన్ని లెక్కపుస్తకంలా పట్టుకోనక్కర్లేదు. ఇవాళ మీ ఇంట్లో ఎన్ని మందలింపులకి ఎన్ని మెచ్చుకోళ్ళు పడ్డాయో ఒక్క పూట వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. చాలా ఇళ్ళలో లెక్క తిరగబడి ఉంటుంది.

ఐదో అడుగు: పిలుపు, యాస

మాట మొదలయ్యేది పిలుపుతో. మన వైపు “ఒరే నాయినా”, “అమ్మీ”, “తల్లీ”, “అప్పా”, “బావూ” అన్న పిలుపులోనే సగం ధైర్యం ఉంటుంది. ఎప్పుడూ “ఒరే గుంటడా” అని పిలిచే తాత, ఎవరో నేర్పారని “బాబూ, నువ్వు చాలా చక్కగా చేశావు” అని పుస్తకం భాషలో అంటే, వాడికి అనుమానమొస్తుంది. మీ నోటికి అలవాటైన పిలుపుతోనే మొదలుపెట్టండి. “ఏటిరా” అనే ఒక్క మాట గొంతుని బట్టి ముద్దూ అవుతుంది, చెంపదెబ్బా అవుతుంది. తేడా చివరి అక్షరం సాగదీయడంలో ఉంది. పెద్దవాళ్ళని మెచ్చుకునేటప్పుడు “మీరు” తప్పనిసరి, “బాగా చేశారు” అనడం కన్నా “మీ దగ్గర చూసి నేర్చుకున్నాను” అనడం మర్యాద. చిన్నవాళ్ళు పెద్దలకి మార్కులు వేసినట్టుండకూడదు.

బడిలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. “నాను వత్తాను” అన్న పిల్లవాణ్ణి తరగతి అంతా నవ్వేలా దిద్దితే, వాడు ఆ ఏడాదికి నోరు మూసుకుంటాడు. జవాబు మెచ్చుకోండి, అదే వాక్యాన్ని మీరు పలకాల్సినట్టు పలికి ముందుకెళ్ళండి, చాలు. ఈ నేల మీదే పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశాడు. నీ మాటకి కూడా అక్షరం ఉందని పిల్లవాడికి చూపించడం కన్నా పెద్ద మెచ్చుకోలు బడిలో ఇంకోటి కనిపించదు.

ఆరో అడుగు: దిష్టి భయాన్ని దాటడం

గురువుని ఎదుట, చుట్టాలనీ స్నేహితులనీ పరోక్షంలో, పనివాళ్ళని పని ముగిశాక పొగడాలి, కన్నబిడ్డల్ని మాత్రం పొగడకూడదు అని పాత మాట ఒకటుంది. దానికి దిష్టి భయం తోడైంది. దాంతో ఇరవై ఏళ్ళు కొడుకు గురించి ఊరంతా చెప్పుకుని, కొడుకుతో ఒక్కసారీ చెప్పని తండ్రులు తయారయ్యారు.

నమ్మకాన్ని వెక్కిరించి లాభం లేదు, పక్క దారులున్నాయి. పిల్లవాడికి వినబడేలా మూడో మనిషికి చెప్పడం మొదటి దారి. “మామ్మా, వీడు ఇవాళ చెప్పకుండానే గేదెలకి కుడితి పెట్టాడు” అని వంటింట్లో అంటే, వాకిట్లో ఉన్నవాడి చెవిలో పడుతుంది. ఎదురుగా అన్నదాని కన్నా చాటుగా విన్నదాన్నే మనిషి ఎక్కువ నమ్ముతాడు కూడా. రెండో దారి, రూపాన్నీ తిండినీ వదిలేసి పనిని మాత్రమే మెచ్చుకోవడం. దిష్టి తగిలేది బుగ్గలకీ బువ్వకీ కానీ, భిన్నాల లెక్కకి దిష్టి తగిలిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఇవి రెండూ చాలకపోతే, నాలుగు మాటలనేసి సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసెయ్యండి. మాట మానేయడం కన్నా అది నయం.

ఏడో అడుగు: తప్పు దిద్దుతూ ధైర్యం చెప్పడం

కష్టమంతా ఇక్కడే. “బాగా రాశావు, కానీ...” అనగానే ముందు సగం చెరిగిపోతుంది. మెచ్చుకోలు కేవలం మత్తుమందని పిల్లలు రెండోసారికే కనిపెట్టేస్తారు. “కానీ” తీసేసి రెండూ విడదీయండి. మెచ్చుకున్నదాన్ని పూర్తిగా చెప్పి ఊపిరి తీసుకోండి. తర్వాత “ఇప్పుడు రెండో పేరా చూద్దాం” అని పని లోకి దిగండి. ఒక విడతలో దిద్దే తప్పులు రెండు, మహా అయితే మూడు. ఎర్ర సిరాతో ఇరవై గీతలు గీస్తే పిల్లవాడికి గీతలే కనిపిస్తాయి.

ఎక్కువ దిద్దాల్సి వస్తే ఎందుకు దిద్దుతున్నారో ముందే చెప్పండి. అమెరికా బడుల్లో జరిగి 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాలు దిద్ది, కొందరి కాగితాల మీద ఒక చీటీ అంటించారు: నీ మీద నాకు ఆశ ఎక్కువ, దాన్ని నువ్వు అందుకోగలవని తెలుసు, అందుకే ఇన్ని దిద్దాను అని. ఆ చీటీ ఉన్నవాళ్ళు వ్యాసాన్ని మళ్ళీ రాసి తేవడం ఎక్కువైంది. మాస్టార్ల మీద నమ్మకం పోగొట్టుకున్న నల్లజాతి పిల్లల్లో ఆ తేడా మరీ ఎక్కువ. మన మాటల్లో అయితే: “ఇన్ని గీశానని బెంగపడకు. రాయలేనివాడికి నేనిన్ని గీయను.” ఈ మాట నిజమైతేనే అనాలి.

శల్య సారథ్యం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. రథం బాగానే తోలుతూ, యోధుడి చెవిలో నువ్వు అర్జునుడికి సాటిరావని ఊదుతూ ఉండటం. ఫీజు కట్టి, బండి మీద దింపి, దారి పొడుగునా “మీ చిన్నాన్న కొడుకుని చూడు” అనే తండ్రి చేసేదీ అదే. పోలిక తేవాలంటే ఆ పిల్లవాడి నిన్నటితోనే తేవాలి.

ఇంటర్ ఫలితాల రోజు

పై అడుగులన్నీ పరీక్షకి నిలబడే రోజు ఇది. దీన్ని గంటల లెక్కన చెప్పుకోవాలి.

ఫలితాలకి ముందు రోజు రాత్రే ఒక మాట అనేసి ఉంచండి: “రేపు ఏటొచ్చినా బువ్వ వేళకి అందరం కలిసే తిందాం.” ఫలితం వచ్చాక చెప్పే ఓదార్పుని పిల్లలు జాలి అనుకుంటారు. ముందే చెప్పిందైతే మాటగా నిలుస్తుంది. ఫోనులో నంబరు కొట్టి చూసేటప్పుడు పక్కన కూర్చోండి, తలమీద నిలబడకండి.

తప్పిందని తెలిసిన మొదటి గంటలో “ఎందుకు?” అన్న ప్రశ్న వద్దు. దానికి ఆ గంటలో జవాబుండదు, నేరం ఒప్పుకోలే ఉంటుంది. “ఏటయిపోనాదిప్పుడు” అని తేల్చేయడమూ వద్దు, వాళ్ళకి చాలా అయిపోయింది కాబట్టి. “బాధగా ఉంది కదూ. నాకూ ఉంది. కూకో” అనండి. చెయ్యి పట్టుకోండి, ఏదో ఒకటి తినిపించండి. చుట్టాల ఫోన్లు పెద్దవాళ్ళే ఎత్తాలి, పిల్లల చేతికివ్వకూడదు. “ఎన్ని వచ్చాయేటి?” అని అడిగినవాళ్ళకి “తర్వాత చెప్తాం పిన్నీ, ఇవాళ కాదు” అంటే చాలు. పిల్లవాడు వింటుండగా అలా అనడమే ఆ రోజుకి పెద్ద అండ.

ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో, కళ్ళంలో అందుబాటులో ఉంటే తాళం వేయండి. పల్లెటూళ్ళలో ఇది మాట కన్నా ముఖ్యమైన పని. పిల్లవాడు “నేనుండి ఏం లాభం” లాంటి మాటన్నా, అతిగా మౌనంగా ఉన్నా, తన వస్తువులు పంచిపెడుతున్నా, సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా నాయినా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే వదిలి వెళ్ళకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. టెలీ మానస్ 14416 కి ఫోన్ చేస్తే రోజంతా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. ప్రాణానికి ముప్పనిపిస్తే 108.

మర్నాడో మూడోనాడో కాగితం తీయండి. ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కుల్లో తప్పింది, రీకౌంటింగ్ అడగాలా, సప్లిమెంటరీకి కట్టాలా. ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుంది, దాన్ని పెద్దవాళ్ళు గుర్తుంచుకోవాలి. అప్పుడు పనికొచ్చే మాట: “ఐదింట్లో నాలుగు నువ్వే గట్టెక్కించావు. ఫిజిక్సులో చిన్న లెక్కలన్నీ చేశావు, పెద్దవి వదిలేశావు. వాటి పని పడదాం.” ఊరికే “నువ్వు చేయగలవు” అంటే పిల్లవాడికి పట్టుకోవడానికి కొమ్మ దొరకదు.

జబ్బు మంచం పక్కన

కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, డయాలసిస్‌కి వెళ్ళే మనిషి లేని ఊరు అరుదు. మామూలుగా వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటల పాటు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ప్రయాణం కొందరికి తగ్గింది, అలసట తగ్గలేదు.

అక్కడ మూడు మాటలు చేటు చేస్తాయి. “ఏటీ అవదు” అన్నది ఒకటి. ఆయనకి తన రిపోర్టు మీకన్నా బాగా తెలుసు. “పక్కూళ్ళో ఒకాయన ఇలాగే...” అని కథ ఎత్తుకోవడం రెండోది. “ఏదైనా కావాలంటే చెప్పండి” మూడోది. వినడానికి బాగుంటుంది, కానీ అడిగే భారం రోగి మీదే పడుతుంది. దాని బదులు ఫలానా రోజు, ఫలానా వేళ అని చెప్పండి: “మామయ్యా, గురువారం పొద్దున్న ఆరింటికి బండి తెస్తాను. మీ కబుర్లు వింటూ కూర్చుంటాను.” కొబ్బరి తోటల ఉద్దానంలో పలకరింపుకి బొండాం తీసుకెళ్ళడం మర్యాద. డయాలసిస్ మనిషికి మాత్రం వద్దు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, పనిచేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. అరటిపండుదీ అదే కథ. ఖాళీ చేతులతో వెళ్ళండి.

వెళ్ళలేకపోతే రెండు వాక్యాల సందేశం పంపండి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు 1969లో ఒక పని మొదలుపెట్టాడు. దిగులుతోనో, చచ్చిపోవాలన్న ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరి, బయటికొచ్చాక తర్వాతి చికిత్స వద్దన్నవాళ్ళలో సగంమందికి ఐదేళ్ళలో 24 చిన్న ఉత్తరాలు పంపాడు. మీరు బాగుండాలని కోరుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. సలహా లేదు, రమ్మని ఒత్తిడి లేదు. ఉత్తరాలందుకున్నవాళ్ళలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ళలో, ఆత్మహత్యలు తక్కువయ్యాయి. ఈ ఉత్తరాల నుంచి తీసుకోవాల్సింది: చిన్నదిగా రాయడం, ఏమీ అడగకపోవడం, ఆపకుండా పంపడం. “పెద్దమ్మా, నిన్న వాన పడుతుంటే మీ అరుగు గుర్తొచ్చింది. జవాబివ్వక్కర్లేదు.”

వేరావల్ నుంచి ఫోను వచ్చినప్పుడు

మన తీరం నుంచి గుజరాత్ వేరావల్‌కి పడవల మీద పనికి వెళ్ళినవాళ్ళకి నడిసముద్రంలో సిగ్నలుండదు. ఒడ్డుకొచ్చినప్పుడే మాట. ఆ ఐదు నిమిషాల్లో మొదటి నిమిషం వడ్డీవాడి సంగతితో మొదలైతే, మిగతా నాలుగు నిమిషాలూ ఆయన వినడు. ముందు ఇంట్లో జరిగిన ఒక చిన్న మంచి పని చెప్పండి, ఆయన పంపిన డబ్బు దేనికి అక్కరకొచ్చిందో చెప్పండి: “నువ్వు పంపినదాంతో చిన్నదానికి బడి చెప్పులు, మామ్మకి కళ్ళజోడు.” తర్వాత కష్టం చెప్పండి, దాచొద్దు. చివరి మాట పిల్లలకివ్వండి. అటునుంచి మాట్లాడేవాళ్ళు కూడా ఇంటి పని అంతా ఒక్క చేత్తో లాగుతున్న మనిషిని “డబ్బు అందిందా?” అని మాత్రమే అడిగి పెట్టేయకూడదు.

పని చోట

జీడిపప్పు బట్టీలో గుండు విరగకుండా తీసే చేతికి “ఇవాళ నీ గంపలో బద్దలు తక్కువ” అని మేస్త్రీ అంటే అది మెచ్చుకోలే. కూలి ఆపి అంటే మాత్రం అది ఎగతాళి. ముందు డబ్బు, వేళకి. తర్వాతే మాట. పనివాళ్ళని ఎత్తడానికి మాట కన్నా పెద్ద సాధనం ఇంకోటుంది, కొంచెం పెద్ద పని అప్పగించడం. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు, శిష్యుడిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయులీనం విని, కళాశాల ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన్ని అక్కడే గురువుగా పెట్టుకున్నాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరేళ్ళు.

వారం సాధన

పొద్దున్నే కుడి జేబులో ఐదు చింతపిక్కలు వేసుకోండి. (పలాస వైపు వాళ్ళు జీడిపిక్కలు వేసుకోవద్దు, వాటి తొక్కలో నూనె చర్మాన్ని కాలుస్తుంది.) చూసి, పేరు పెట్టి, ఒక మంచి మాట అన్నప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి మార్చండి. “సూపర్”, “గుడ్” లెక్కలోకి రావు. మొదటి రెండు రోజులు రాత్రికి మూడు పిక్కలు కుడి జేబులోనే ఉండిపోతాయి. అది మామూలే. మూడో రోజు నుంచి, ఎక్కువగా ఎవరికి అంటున్నారో, ఎవరికి ఒక్కటీ అనడం లేదో చూసుకోండి. చాలామందికి ఆ రెండోది ఇంట్లో మనిషే అవుతుంది.

నోరు జారాక

కటువుగా అనేసిన మాటని వెనక్కి తీసుకోవడానికి అదే రోజు రాత్రి భోజనానికి ముందు గడువు పెట్టుకోండి. అన్న మాటని అదే మాటగా చెప్పండి: “పొద్దున్న నిన్ను దండగమారి అన్నాను. తప్పు.” “నువ్వు అలా చేస్తే నాకు కోపం రాదేటి” అని కలపకండి, అది క్షమాపణని తిరిగి తిట్టుగా మార్చేస్తుంది. క్షమించానని అనిపించుకోవడానికి ఎదురుగా నిలబడకండి. పిల్లలు కొన్నిసార్లు రెండు రోజులు పలకరు. మూడో రోజు పొద్దున్న వాళ్ళు ఏదైనా చిన్న పని చేస్తుంటే, కుడి జేబులోంచి ఒక పిక్క తీయండి.